హాజరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నన్ను డెల్టా కాలువల గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారండి. ఆ క్యూసెక్కుల లెక్కలు చెబితే భోజనాల గంట కొట్టేలోపు సగం మంది కునికిపాట్లు పడతారు. అందుకని సంఘం పెద్దల్ని బతిమాలి విషయం మార్చుకున్నాను. రోజూ చేసే పనిలో దేవుడు ఎక్కడుంటాడన్నది నా విషయం. నేను కథోలికుణ్ణి, నాకొచ్చిన భాషలోనే మాట్లాడతాను. మీలో చాలామందిది నా మతం కాదని తెలుసు. కంగారు పడకండి, ఇది మతబోధ కాదు. నేను చేసిన ఒక తప్పు ఉంది. అది మన బడిలో, మన మాస్టార్ల ముందు చెప్పుకోవాలని ఎన్నాళ్లనుంచో ఉంది.

ముందు మన బడి సంగతి. మన లెక్కల మాస్టారు హాజరు ఎలా వేసేవారో మీకు గుర్తుండే ఉంటుంది. మనిషి కనబడుతున్నాడు కదా అని టిక్కు పెట్టేవారు కాదు. పేరు పిలవాలి, మనం లేచి నిలబడాలి, మన నోటితో మనం పలకాలి. తొమ్మిదో తరగతిలో ఒకరోజు నేను ఏటిగట్టు మీద ఇసక పడవలు చూస్తూ ఉండిపోయాను. నా స్నేహితుడు, ఇప్పుడు మూడో వరసలో కూర్చుని నవ్వుతున్నాడు చూడండి, నా పేరు రాగానే గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అన్నాడు. మాస్టారు తలెత్తకుండానే అడిగారట. "ఒరేయ్, వాడికి ఆకలేస్తే వాడి బదులు నువ్వు తింటావట్రా అన్నం?" మర్నాడు ఇద్దరికీ బెత్తం పడింది. నాకు రెండు, వాడికి నాలుగు. వాడికి రెండెందుకు ఎక్కువో ఆ వయసులో నాకు అర్థం కాలేదు.

బైబిల్లో కూడా హాజరు పిలుపులు ఉన్నాయండి. మొదటిది ఏదెను తోటలో. దేవుడు ఆదామును ఎక్కడున్నావని పిలుస్తాడు. ఎక్కడున్నాడో తెలియక కాదు. ఆదాము చెట్ల చాటున దాక్కున్నాడు, అంటే మొదటి పిలుపుకే గైర్హాజరు. తర్వాత బాలుడైన సమూయేలు కథ. రాత్రి నిద్రలో ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. ముసలి గురువు ఏలీ పిలిచాడనుకుని మూడుసార్లు లేచి పరుగెత్తుతాడు. పిలిచింది ఎవరో వాడికి తెలియదు, పలకడం మాత్రం వచ్చు. మాలో గురుపట్టాభిషేకం జరిగేటప్పుడు కూడా అంతే. మేత్రాణుల ఎదుట అభ్యర్థిని పేరు పెట్టి పిలుస్తారు, అతను ఇక్కడున్నానని పలికి ముందుకు వస్తాడు. మిగతా తంతంతా దాని తర్వాతే. మన మాస్టారు కథోలికులు కాదు గానీ ఆ పద్ధతి ఆయనకు తెలిసినట్టే ఉండేది.

ఇంకొక సంగతి చెప్పి నా తప్పు దగ్గరికి వస్తాను. మా పూజా సంవత్సరంలో ఆగమన కాలం, క్రిస్మస్, తపస్సు కాలం, పాస్కా కాలం ఉన్నాయి. ఇవి పోగా మిగిలిన దాన్ని సామాన్య కాలం అంటారు. పేరులోనే ఉంది, ఏ పెద్ద పండుగా లేని కాలం. ఏడాదిలో 33 లేదా 34 వారాలు అదే. ఆ వారాల్లో గురువులు ఆకుపచ్చ పూజావస్త్రం వేసుకుంటారు. అందులో చిన్న ముక్క జనవరి, ఫిబ్రవరిల్లో వస్తుంది. పెద్ద ముక్క పెంతెకోస్తు తర్వాత మొదలై నవంబరు చివర క్రీస్తురాజు పండుగ వారంతో ముగుస్తుంది. నేను నీటిపారుదల ఇంజినీరుని కాబట్టి నాకు వెంటనే తట్టింది. మన డెల్టాలో సార్వా కూడా అదే కాలం! జూన్‌లో కాలువలకు నీళ్లు వదులుతాం, ఆకుమళ్లు, నాట్లు, కలుపు, చివరికి నవంబరు, డిసెంబరుల్లో కోత. గుళ్లో పచ్చ, గుడి బయట పచ్చ. ఐరోపాలో రంగులు నిర్ణయించినవాళ్లకు సార్వా సంగతి తెలియదు, నిజమే. అయినా మా అమ్మ నాట్లకు వెళ్లే రోజుల్లో మధ్యాహ్నం త్రికాల జపం గంట కొడితే నడుం ఎత్తి, బురద చేతిని చీర చెంగుకు తుడుచుకుని, సిలువ గుర్తు వేసుకుని మళ్లీ వంగేది. అర నిమిషం కూడా పట్టేది కాదు. పక్కన ఉన్నవాళ్లు ఆ అర నిమిషం పాట ఆపేవారు. సామాన్య కాలం అంటే నాకు ముందు ఆ బురద చెయ్యే గుర్తొస్తుంది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను మీలో చాలామందికి గుర్తుంది. నేనప్పుడు ఉద్యోగంలో కొత్త. ఆ తర్వాతి ఆదివారం పూజలో గురువుగారు ఆకుపచ్చ వస్త్రంతోనే నిలబడ్డారు. బయట కోనసీమలో నిలబడ్డ కొబ్బరి చెట్టు కోసం వెతుక్కోవాలి. చేలో పచ్చ లేదు, పీఠం దగ్గర మాత్రం ఉంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. కనీసం ఈ వారమైనా రంగు మార్చవచ్చు కదా అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోను, కానీ ఆ కోపం తప్పని కూడా అనను.

ఇక నా సంగతి.

చాలా ఏళ్ల కిందట నేను డీఈగా ఉన్నప్పుడు నా పరిధిలో ఒక మురుగు కాలువ గట్టుకు మరమ్మతు జరిగింది. పాత గండి పూడ్చిన చోటు. ఊరు చెప్పను. ఇంజినీర్లు కానివాళ్లకు ఒక మాట. గట్టుకు మట్టి పోయడం గొప్ప కాదు, తొక్కించడం గొప్ప. తొమ్మిదంగుళాల పొర వేయాలి, తడపాలి, రోలరుతో తొక్కించాలి, ఆ పైన ఇంకో పొర. మొత్తం మట్టి ఒకేసారి పోసి పైపైన చదును చేస్తే చూడటానికి అదే గట్టు, అదే ఎత్తు, అదే కొలత. తేడా వానాకాలంలో తెలుస్తుంది. చేసిన పనిని ఏఈ కొలిచి ఎం-బుక్కులో రాస్తాడు. డీఈ స్వయంగా ఆ చోటికి వెళ్లి చెక్ మెజర్‌మెంట్ చేసి సంతకం పెట్టాలి. ఆ సంతకానికి అర్థం ఒక్కటే, నేను వెళ్లాను, చూశాను అని.

అది మార్చి నెలాఖరు. బిల్లుల హడావిడి ఎలా ఉంటుందో ప్రభుత్వోద్యోగులకు చెప్పక్కర్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే గౌరీపట్నంలో నిర్మలగిరి మాత ఉత్సవం. మా ఇంట్లో అందరం ఏటా వెళతాం. ఆ గట్టు మీదికి వెళ్లాల్సిన రోజున నేను కుటుంబంతో కొండ మీదున్నాను. కొవ్వొత్తి వెలిగించాను, జపమాల చెప్పాను, పూజలో కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను. చాలా తృప్తిగా ఇంటికొచ్చి, రాత్రి భోజనమయ్యాక ఎం-బుక్కు తెరిచి, చూడని గట్టుకు చూసినట్టు సంతకం పెట్టాను. ఎవరూ లంచం ఇవ్వలేదు, నేను అడగలేదు. ఆ ముక్క గొప్పగా చెప్పడం లేదండి. లంచం తీసుకుంటే తప్పు చేస్తున్నానని కనీసం తెలిసేది. ఇక్కడ అది కూడా తెలియలేదు. మూడో వరసలోని నా మిత్రుడు నా బదులు పలికాడు. ఇన్నేళ్ల తర్వాత నా బదులు నేనే దొంగ హాజరు పలికాను.

ఆగస్టులో మూడు రోజులు వాన పట్టింది. మూడో రాత్రి సరిగ్గా అక్కడే గట్టు జారింది. ప్రాణం ఎవరిదీ పోలేదు. నాటి పది రోజులు కాని చేలు మునిగిపోయాయి. తెల్లారి నేను వెళ్లేసరికి లస్కరు మోకాలి లోతు నీళ్లలో ఇసక బస్తాలు సర్దిస్తున్నాడు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. షట్టరు ఎత్తేముందు నీళ్లు తాకి కళ్లకద్దుకునే మనిషి. బస్తాల పని అయ్యాక నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. "ఆ మట్టి తొక్కించలేదండీ. చెక్కింగుకి మీరొస్తారని చెప్పారు గదండీ, వస్తే చూపిద్దామని ఆయాల పొద్దూకేదాకా ఇక్కడే కూర్చున్నానండి."

అంతే అన్నాడు. మళ్లీ బస్తాల దగ్గరికి వెళ్లిపోయాడు.

నేను కొండ మీద దేవుణ్ణి వెతుక్కుంటున్న రోజున ఈ గట్టు మీద ఒక మనిషి నా కోసం పొద్దుగూకే దాకా కూర్చున్నాడు. ఆ మాటను నేను దాటలేకపోయాను. ఇప్పటికీ దాటలేదు. నిర్మలగిరిలో దేవుడు లేడని కాదు. ఈ ఏడు కూడా వెళ్లాను, వచ్చే ఏడూ వెళతాను. కానీ ఆ రోజు నాకు పిలుపు వచ్చింది ఇక్కడినుంచి.

కాగితాల మీద ఆ గండికి కారణం అధిక వర్షం అని పడింది. అబద్ధం కాదు, వర్షం అధికమే. నేను నోరు మెదపకపోతే అక్కడితో సరి. రెండు ఆదివారాలు గుడికి వెళ్లి దివ్య సత్ప్రసాదం తీసుకోకుండా బల్లలోనే కూర్చుండిపోయాను. మా ఆవిడ ఒంట్లో బాగాలేదా అని అడిగింది. మూడోవారం పాపసంకీర్తనానికి వెళ్లాను. అక్కడ ఏం జరిగిందో గురువులు బయటికి చెప్పకూడదు గానీ నేను చెప్పుకోవచ్చు. ఫాదర్‌గారు అంతా విని, పది మంగళవార్త జపాలు చెప్పుకోమంటారని నేను చూస్తుంటే, "ఆ రైతు దగ్గరికి వెళ్లారా?" అని అడిగారు. లేదన్నాను. "ముందు వెళ్లి రండి. ప్రాయశ్చిత్తం అదే" అన్నారు.

ఆ చేల రైతుల్లో ఎక్కువ నష్టపోయింది ఒక కౌలుదారు. వెళ్లడానికి నాకు ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. ఒకసారి వాళ్ల వీధి మొగదాకా జీపులో వెళ్లి డ్రైవరుతో వెనక్కి తిప్పమన్నాను. చివరికి సాయంత్రంపూట మోటారు సైకిలు మీద ఒక్కణ్ణే వెళ్లాను. అరుగు మీద కూర్చోబెట్టాడు. విషయం చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తిడతాడనుకున్నాను, తిడితే బావుండనుకున్నాను. లోపలికి చూసి "ఏవే, డీఈగారికి మజ్జిగ ఇయ్యి" అన్నాడు. మజ్జిగ తాగాక నేను తెచ్చిన డబ్బు ముందు పెట్టాను. లెక్కపెట్టి, రెండోసారి నారుకి, నాటు కూలికి అయినంత తీసుకుని మిగిలింది నా చేతిలో పెట్టాడు. లేచేటప్పుడు ఒక్కటే అడిగాడు. "దాళ్వాకైనా గట్టు ఆగుద్దాండీ?"

పైవాళ్లకు కూడా రాసిచ్చాను. విచారణ జరిగింది, ఒక ఇంక్రిమెంటు ఆపారు. అది న్యాయమే. ఆ గట్టును దగ్గరుండి మళ్లీ కట్టించాం. పొర పొరకీ నేనక్కడే ఉన్నాను, లస్కరు నాకు గొడుగు పట్టబోతే వద్దన్నాను. 2022 జులై వరదల్లో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి 25 లక్షల క్యూసెక్కులు పోతున్నప్పుడు నేను వేరేచోట ఏటిగట్టు మీద రాత్రి కాపలాలో ఉన్నాను. అప్పటికి రిటైరైపోయిన ఆ లస్కరు ఫోను చేశాడు. "మన గట్టు చూసొచ్చానండీ, బానే ఉంది" అన్నాడు. ఎవరూ చూడమనలేదు ఆయన్ని.

ఆ తర్వాత ఫాదర్‌గారు నాకొక పుస్తకం ఇచ్చారు. పునీత ఫ్రాన్సిస్ ద సాల్ 1609లో ప్రచురించిన భక్తి జీవితం గురించిన పుస్తకం. భక్తి సన్యాసులకే పరిమితం కాదు, సిపాయికి, చేతిపనివాడికి, ఇల్లు నడిపే ఇల్లాలికి ఎవరి పనికి తగ్గ భక్తి వాళ్లకుంటుందని ఆయన వాదం. ఆ రోజుల్లో అది కొత్తమాటే. ఆ పుణ్యాత్ముడి పేరు పెట్టుకున్న సభ గురువులే ఫ్రాన్సు వైపు ఆనెసీ ఊరినుంచి బయలుదేరి 1846లో విశాఖపట్నం చేరి, మన తీరమంతా తిరిగారు. మరుసటి ఏడు, 1847లో, ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని మొదలైంది. ఈ రెండింటికీ సంబంధం లేదు. ఇంజినీరుగా నాకు మాత్రం ఆ రెండు తేదీలు పక్కపక్కన చూసుకోవడం ఇష్టం.

ఇంకొకాయన ఉన్నారు, బ్రదర్ లారెన్స్. పారిస్‌లో కార్మెల్ మఠంలో వంటవాడు, 1691లో పోయారు. కాలు కుంటి. మఠానికి ద్రాక్షాసారాయి కొనుక్కురమ్మని ఆయన్ని పడవమీద పంపేవారట. నడవలేక పీపాల మీద దొర్లుకుంటూ పడవలో ఇటునుంచి అటు వెళ్లేవారట. ఆ పని ఆయనకు చేతకాదు, ఇష్టమూ లేదు. అయినా ఇది నీ పనే ప్రభువా అని చెప్పి చేసేవారు, ఎలాగో సవ్యంగానే జరిగేది. లాంచీల్లో తిరిగిన మనకు ఆ దొర్లుడు బాగా అర్థమవుతుంది. పెద్ద పెద్ద వేదాంత గ్రంథాలకంటే ఆ పీపాల మీది మనిషి నాకెక్కువ ఉపయోగపడ్డాడు.

నేనేదో మారిపోయానని అనుకోకండి. ముప్పావుగంట పూజలో అరగంట నా బుద్ధి ఏ డ్రెయిను దగ్గరో ఉంటుంది. ప్రసంగం పొడుగైతే వాచీ చూసుకుంటాను. అయితే ఒకచోట మాత్రం తప్పకుండా ఉండటానికి ప్రయత్నిస్తాను. అర్పణ సమయంలో గురువుగారు పాత్రలోని ద్రాక్షరసంలో ఒకటి రెండు నీటిచుక్కలు కలుపుతారు. రోజంతా వేల క్యూసెక్కుల లెక్కలు చూసేవాణ్ణి, ఆ చుక్క ఎటు పోయిందో చెప్పలేను. ఆ వారం నేను వెళ్లిన గట్లు, వెళ్లకుండా తప్పించుకున్న గట్లు ఆ చుక్కతోపాటు వేస్తాను. రాత్రి పడుకోబోయేముందు ఎం-బుక్కు లాగే రోజును తిరగేస్తాను. ఎవరు పిలిచారు, ఎక్కడ పలికాను, ఎక్కడ పలకలేదు. కొన్ని రోజులు ఆ పేజీ చూడబుద్ధి కాదు. మా అబ్బాయి ఫోను చేసి ఏదో చెప్పుకుంటుంటే నేను టీవీ చూస్తూ ఊఁ కొట్టిన రోజుల్లాంటివి.

స్వర్ణోత్సవం అన్నారు కాబట్టి ఒక్కమాట. లేవీయకాండంలో యాభయ్యో ఏడు గురించి ఒక అధ్యాయమే ఉంది. ఆ ఏడు బూర ఊదాలి, విత్తనం వేయకూడదు, భూమికి సెలవు. అమ్ముకున్న భూమి సొంతదారుకి తిరిగి చేరాలి, ఎవరి ఇంటికి వాళ్లు తిరిగి రావాలి. ఇవాళ మనం తిరిగొచ్చాం. బూర బదులు మైకు సెట్టు ఉంది. నాకు రెండు, వాడికి నాలుగు ఎందుకు పడ్డాయో మాస్టార్ని ఈ ఉదయం అడిగాను. ఆయనకు తొంభై దగ్గరపడుతున్నాయి, వినికిడి తగ్గింది. రెండుసార్లు చెప్పాక నవ్వి, "నువ్వు రాలేదు అంతే. వాడు నువ్వొచ్చావని చెప్పాడు" అన్నారు. నా సంతకం గురించి ఆయనకింకా చెప్పలేదు. ఇప్పుడు వినే ఉంటారు. వినబడకపోతే భోజనాల దగ్గర పక్కన కూర్చుని చెబుతాను.

రేపు సోమవారం. ఆరింటికి పూజ, ఎనిమిదిన్నరకి ఒక చోట చెక్ మెజర్‌మెంట్ ఉంది. అక్కడి లస్కరు కుర్రాడు కొత్తవాడు, నిన్ననే ఫోను చేసి వస్తారాండీ అని అడిగాడు. వస్తానని చెప్పాను. అందుకే సాయంత్రం బస్సుకే బయలుదేరుతున్నాను, సాంస్కృతిక కార్యక్రమాలకు ఉండలేను. మన్నించండి. సెలవు.